దగ్గు లేని మహిమ శరీరం

ఈస్టరు ముందురోజు జమ్మలమడుగు సమాధుల తోటలో మా వాళ్లంతా సున్నం బకెట్లతో తిరుగుతారు. తెల్లారి ఆరాధన అక్కడే కాబట్టి ఆలోపు సమాధులన్నీ తెల్లబడాలి. పులివెందుల బడిలో ఏడాదంతా పిల్లల మీద అరిచే నాకు ఆ పని మహా హాయి. చనిపోయినవాళ్లు ఎదురు మాట్లాడరు. ఆ లోటు మా అవ్వ తీరుస్తుంది.

ఆ ఏడు డాక్టరు ఆమె గుండె బాగా బలహీనపడిందన్నాడు. అయినా ఆటో ఎక్కి వచ్చి, తాత సమాధి పక్కనే కుర్చీ వేయించుకుంది. తాత ముప్పై ఏళ్లకే పోయాడు. అవ్వకు ఎనభై దాటాయి.

ప్రొద్దుటూరు నుంచి పాస్టరు బండి మీద వచ్చాడు. ఆయన బండి దిగీ దిగకముందే అవ్వ పట్టుకుంది.

"అయ్యగారూ, నేనింక శానా దినాలుండను. ప్రభువు తిరిగొచ్చే దినం ఈయనా లేస్తాడు, నేనూ లేస్తా. మేమిద్దరం ఎట్ల గుర్తుపట్టుకునేది?"

"అప్పుడు ముసలితనం యాడుంటాదమ్మా! మోకాళ్ల నొప్పి ఉండదు, షుగరు ఉండదు, దగ్గు ఉండదు. అంతా మహిమ శరీరమే!"

నాకైతే నడుం నొప్పి అప్పుడే సగం తగ్గినట్టనిపించింది. అవ్వ మొహం మాత్రం మాడిపోయింది.

"దగ్గు గూడా ఉండదా?"

"ఉండదమ్మా. ప్రభువు లేచినంక, సమాధి కాడ ఏడుస్తాండే ఆమెను పేరు పెట్టి పిలిస్తే ఆయన్ను గుర్తుపట్టలేదా? మీ ఆయన గూడా పిలుస్తాడు."

"పేరు పెట్టా? బాగుంది సంబడం! పన్నెండేండ్ల కాపురంలో ఒక్కనాడన్నా నా పేరు పలికినాడా? 'మేయ్' అనేటోడు. ఆడ 'మేయ్' అంటే జిల్లాలో ఆడోళ్లంతా తిరిగి చూస్తారు!"

నేను పడీ పడీ నవ్వాను. అవ్వ నవ్వలేదు.

"వాకిట్లో నిలబడి రెండుమార్లు దగ్గేటోడు. అది వినపడితే నేను చెంబుతో నీళ్లు తీస్కపోయేదాన్ని. యాభై ఏండ్లు దాటిపాయ. ఫోటో గూడా లేదు. ఆయన మొగం మర్చిపోయినానయ్యా. ఆ దగ్గొక్కటే గుర్తుండాది."

ఇన్నేళ్లు ఆమె నోట తాత కబుర్లు విన్నాను. ఆయన ఎట్లా ఉండేవాడని ఒక్కసారీ అడగలేదు. నా మీద నాకే ఒళ్లు మండింది.

పాస్టరు బైబిలు తెరిచాడు, మళ్లీ మూశాడు. అవ్వే అంది.

"నమ్మనని మొండికేసిన శిష్యునికి ప్రభువు చేతులు చూపించినాడు గదా. లేచినంక గూడా సిలువ మేకుల గుర్తులు ఉంచుకున్యాడు గదా. మా ఆయనకు ఒక్క దగ్గు ఉంచితే ఏం పోతాది?"

పాస్టరు చెప్పులు విడిచి, తడి సున్నం మీదే మోకరించాడు. నల్ల ప్యాంటు పాడైపోతుందని చెప్పబోయి ఊరుకున్నాను.

"ప్రభువా, ఈ తల్లి అడిగిందానికి నా కాడ జవాబు లేదు. కానీ న్యాయంగానే ఉండాది. ఆ దగ్గు ఉండనియ్యి."

"ఆమేన్," అంది అవ్వ, అందరికంటే ముందు.