అన్నం కుదిరిన రోజు

1965 సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం రెండు గంటలకు జువ్వలదిన్నెకు దక్షిణాన ఉన్న ఇసుకదిబ్బ మీదికి చేరాం. లారీ కాలువ దగ్గర ఆగిపోయింది. పడవలో కాలువ దాటి, సామాను భుజాన వేసుకుని రెండు మైళ్లు ఇసుకలో నడిచాం. ఆరుగురం. మూడు గుడారాలు, ఒక వైర్‌లెస్ సెట్టు, ఒక బైనాక్యులర్, ఆరు రైఫిళ్లు, రెండు బస్తాల బియ్యం. యుద్ధం ఎక్కడో పడమటి సరిహద్దులో జరుగుతోంది. మా పని తూర్పు సముద్రాన్ని చూడటం. కనిపించిన ప్రతి పడవనూ గంటకోసారి నెల్లూరుకు చెప్పాలి. కాల్పులు ఆగాక కూడా మమ్మల్ని అక్కడే ఉంచారు.

అక్కడ మేం ఒక్క తూటా కాల్చలేదు. అయినా ఆరుగురం వెళ్లి ఐదుగురం తిరిగొచ్చాం. యుద్ధం గురించి అడిగేవాళ్లకు నేను చెప్పగలిగింది అన్నం గురించే.

మా వంటమనిషిది గూడూరు దగ్గర పల్లె. నాకంటే పదేళ్లు పెద్ద. తినేముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాడు. అది అయ్యేదాకా మేమూ ఆగేవాళ్లం. నేను ఆయన్ను అన్నా అనేవాణ్ణి. ఆయనకు నేను రెడ్డిని.

అక్టోబరులో వానలు పట్టాయి. ఆ వారమే అన్నకు జ్వరం వచ్చింది. ఆరో రోజుకీ దిగలేదు. డాక్టరు పడవలో వచ్చి చూసి టైఫాయిడ్ అన్నాడు. మందు ఇచ్చాడు. కాలువ పొంగి గట్టు తెగింది, ఈ ఉరవడిలో రోగిని పడవ ఎక్కించడం ప్రమాదం కాబట్టి నీరు తీశాక ఆసుపత్రికి తరలిద్దాం అన్నాడు. తర్వాత మా అందరి ముందూ గట్టిగా చెప్పాడు.

"లోపల పేగులు పుండుపడి ఉంటాయి. జ్వరం తగ్గినా సరే, నేను మళ్లీ వచ్చి చూసేదాకా మెతుకు తగలకూడదు. వడకట్టిన గంజి, బార్లీ నీళ్లు, మజ్జిగ. అంతే. గట్టి పదార్థం పడితే పేగుకు చిల్లి పడొచ్చు. ప్రాణం పోతుంది."

వంట నా మీద పడింది. హవల్దారు తంజావూరు మనిషి. "మీ ఇంట్లో వడ్లు పండుతాయి కదా, నువ్వే వండు" అన్నాడు. వడ్లు పండే మా ఇంట్లో మగవాడు పొయ్యి ముట్టడు. ఆ సంగతి హవల్దారుకు చెప్పుకోలేకపోయాను.

మొదటి రోజు ఎసరు కాగకముందే బియ్యం పోశాను. కొత్త బియ్యం. పైగా గరిటెతో అదేపనిగా కలిపాను. చిమిడి ముద్దయింది.

"ఏమప్పా, ఇది అన్నమా, గోడకు పోస్టర్లు అంటించేదా?" అన్నాడు హవల్దారు.

వైర్‌లెస్ సిపాయి సెట్టు ముందు కూర్చుని నెల్లూరుకు చెప్పాడు: "మూడో పోస్టు. పడవలు పదకొండు. అన్నీ మనవే. మధ్యాహ్నం అన్నం మాత్రం శత్రువుది. ఓవర్."

రెండో రోజు భయపడి ముందే వార్చేశాను. పలుకు. మూడో రోజు ఒక పక్క చిమిడి, ఒక పక్క పలుకై, అడుగు మాడి, మూడూ ఒకే గుండిగలో వచ్చాయి.

అన్న పడుకున్న గుడారం పొయ్యికి ఐదు గజాలు. లోపలినుంచి గొంతు వినిపించింది.

"రెడ్డీ, ఏందిరా ఆ వాసన? అన్నం వండతా ఉండావా, బొగ్గులు కాలస్తా ఉండావా?"

"నువ్వు పడుకో అన్నా."

"పడుకోనే చెప్తా ఉండా. గాలి యాడనుంచి కొడతా ఉంది?"

"సముద్రం మీంచి."

"పొయ్యి మూతి ఎటు పెట్టినావు?"

"సముద్రం పక్కకే."

"పెట్టినావులే! మంటంతా ఎనక్కి పోతా ఉంటే ముందు పక్క ఎట్టా ఉడకతది? గుంట తవ్వి మూతి పడమటికి తిప్పు. ఆ మాత్రం తెలీకుండా ఏం సేద్యం చేసినార్రా మీ ఇంట్లో!"

అప్పట్నుంచి రోజూ పదకొండు గంటలకు పాఠం. బియ్యం నాలుగుసార్లు కడుగు, నీళ్లు తేటపడాల. అరగంట నాననీ. ఎసరు తెర్లినాకనే బియ్యం ఎయ్యి. ఒక్కసారే కలుపు, అదీ అడుగునించి. తర్వాత గరిటె దాచిపెట్టు. పొంగు చప్పుడు మారతది, వింటా ఉండు. మెతుకు తీసి వేళ్ల మధ్య నలుపు. నడిమధ్య ఆవగింజలో సగమంత పలుకు ఉండాల, అప్పుడు వార్చు. మిగిలింది నిప్పుల మీద మూతేసి ఉమ్మగిలనీ. పది నిమిషాలు మూత ముట్టబాక. ఆత్రం పడినావంటే పాయె.

ఆ గుడారంలో ఆయనకు వేరే పని లేదు. నా పొయ్యి చప్పుడే వింటూ పడుకునేవాడు. చెంపలు లోపలికి పోయాయి. గంజి గ్లాసు చూస్తే మొహం తిప్పుకునేవాడు.

జ్వరం వచ్చిన పదహారో రోజుకు దిగింది. నెల్లూరుకు చెప్పాం. డాక్టరు ఎల్లుండి వస్తాడన్నారు.

పదిహేడో రోజు మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి మూత తీశాను. మెతుకు మెతుకుకూ అంటలేదు. విరగలేదు. అడుగు కూడా తెల్లగానే ఉంది. హవల్దారు ఏమీ అనకుండా తిన్నాడు. మళ్లీ పెట్టమని పళ్లెం చాపాడు. తిని బైనాక్యులర్ తీసుకుని దిబ్బ ఎక్కాడు.

"ఎవురూ తిట్టలేదే! తీసుకరా, చూస్తా" అన్నాడు అన్న.

మూతలో కొంచెం వేసుకుని తీసుకెళ్లాను. ఒక మెతుకు తీసి నలిపాడు. వెలుగులో చూశాడు.

"కుదిరిందిరా" అన్నాడు. మూతలోని అన్నం వైపు చూసి, "ఒక్క ముద్ద పెట్టు" అన్నాడు.

"డాక్టరు వద్దన్నాడు గదన్నా."

"జ్వరం దిగింది గదరా. పదిహేడు దినాలు. నీళ్లు తాగి తాగి నోరు చచ్చిపోయింది. నేర్పినోడికి రుచి చూపీవా?"

జాలిపడి పెట్టానని చెప్పుకోవచ్చు. జాలి ఉంది. దానికంటే ఎక్కువగా, ఆయన తిని బాగుందనాలని ఉంది. మజ్జిగ కలిపి మూడు ముద్దలు పెట్టాను. నెమ్మదిగా నమిలాడు.

"నాకంటే బాగా వండినావు" అన్నాడు.

మా ఇంట్లో జ్వరం దిగిన మనిషికి మొదట అన్నం మెత్తగా చిమిడించి, గుడ్డలో వడకట్టి పెడతారు. అది నాకు తెలుసు. నేను చేతకాక వండిన మొదటి రోజు ముద్దను పలచన చేసి వడకట్టినా ఆయన పథ్యానికి సరిపోయేది. ఆ రోజు అది గుర్తు రాలేదు.

మర్నాడు ఉదయం ఆరు గంటలకు కడుపునొప్పి. ఏడింటికి పొట్ట చెక్కలా బిగుసుకుంది.

"మూడో పోస్టు. రోగి పరిస్థితి బాగాలేదు. డాక్టరు వెంటనే రావాలి. ఓవర్."

"పడవ బయల్దేరుతోంది. పదకొండు అవుతుంది. ఓవర్."

పదకొండూ నలభైకి డాక్టరు వచ్చాడు. పొట్ట మీద చెయ్యి వేసి తల ఎత్తాడు.

"ఏమైనా తిన్నాడా?"

"గంజి మాత్రమే సార్" అన్నాడు హవల్దారు. ఆయన నమ్మిందే చెప్పాడు.

నేను గుడారం తాడు పట్టుకుని పక్కనే ఉన్నాను. అన్న నా వైపు చూశాడు. ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

అదే రోజు సాయంత్రం నెల్లూరు ఆసుపత్రిలో పోయాడు.

చాలా ఏళ్ల తర్వాత ఇంకో డాక్టరుకు ఇదంతా చెప్పాను. ఆ జ్వరంలో మూడో వారంలో ఏమీ తినకపోయినా అలా జరగవచ్చు అన్నాడు. పుస్తకాల్లో వెతికాను. అదే ఉంది. ఆరోజు నేను నిజం చెప్పి ఉంటే ఏమయ్యేదో ఏ పుస్తకంలోనూ లేదు.

నవంబరు చివర పోస్టు ఎత్తేశారు. సెలవు మీద ఇంటికి పోతూ గూడూరులో దిగాను. అన్న పెట్టె వాళ్లింటికి చేర్చే పని హవల్దారు నాకు అప్పజెప్పాడు. వాళ్లమ్మ ఒక్కతే ఉంది. పెట్టె తెరిచి చొక్కాలు ఒక్కొక్కటే తీసి ఒళ్లో పెట్టుకుంది. బైబిలు పక్కన పెట్టింది. తర్వాత అడిగింది.

"ఆఖర్న ఏమన్నా తిన్నాడా నాయనా? కాలే కడుపుతోనే పోయినాడా?"

గంజి అని చెప్పాలనుకునే వెళ్లాను.

"అన్నం తిన్నాడమ్మా. మూడు ముద్దలు. బాగుందన్నాడు."

"ఎవురు వండినారు?"

"నేనే."

ఆమె నా కుడిచెయ్యి రెండు చేతులతో పట్టుకుని కళ్లకు అద్దుకుంది. వేళ్లకు తడి తగిలింది. ఆమె వదిలేదాకా నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.