మా అక్క సంబంధంలో బాబిలోను శని

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి మంచితనానికి ఉదయగిరి నుంచి జీపు నిండా జనం తాంబూలాలతో బయలుదేరారు. ఆ ఘనకార్యం చెబుతాను, నవ్వుకోండి. మా అక్కకు వినపడేలా మాత్రం వద్దు.

అప్పట్లో నేను ఆత్మకూరులో డిగ్రీ చదువుతూ, పాఠాలు మానేసి బాబిలోను వాళ్లు గ్రహాలకు పెట్టిన పేర్లు బట్టీపట్టేవాణ్ణి. శుక్రుడు దిల్బత్, అంగారకుడు సల్బతాను. ఈ విద్య ఇంటికి ఆవగింజంత పనికిరాదని నాయన చెప్పనే చెప్పాడు.

అక్క నర్సు. ఉదయగిరి సంబంధం వచ్చినప్పుడు, "పెళ్లయినాక ఉద్యోగం చేయనిస్తాడో లేదో ఆయన్నే అడగాల. అందాకా ఎవురూ ఊ అనబాకండి" అని తెగేసి చెప్పింది.

ఆ సాయంత్రం నాయన స్నానానికి పోతూ ఫోను నా చేతికిచ్చాడు. "పెళ్లికొడుకు పెదనాయన చేస్తే, రేపు చెప్తామను."

మిద్దె మీద నేనూ, పక్కింటి సూరిగాడూ చుక్కలు చూస్తున్నాం. ఫోను మోగింది. నొక్కి, చెవికి ఆనించుకునే లోపల సూరిగాడు, "శనిని ఏమంటార్రా?" అన్నాడు.

"కయమాను."

"ఏందీ?" అన్నాడు సూరిగాడు.

"కయమాను రా, కయమాను!"

ఫోన్లో పెద్దాయన గొంతు పొంగిపోయింది. "ఖాయమను అంటా ఉండాడా మీ నాయన? అంతే చాలబ్బాయ్. తాంబూలాలు ఎత్తుకోని వస్తా ఉండాము."

పెట్టేశాడు. తిరిగి చేస్తే సిగ్నల్ లేదు. కిందికి దిగి చెప్పాను. "నా బతుకురా అది" అంది అక్క.

ఆ రాత్రే జీపు వచ్చింది. దిగీ దిగగానే అక్క పెళ్లికొడుకును వసారాలోకి పిలిచింది. కిటికీలోంచి చూస్తున్నాను. మాటలు వినపడవు, అక్క మొహం చూస్తే ఏమీ తెలియదు. ఇటు పెద్దాయన తాంబూలం పళ్లెం ఎత్తాడు. ఇక ఆగలేకపోయాను.

"ఆగండి మామా. నేను ఖాయమనలేదు. కయమాను అన్నాను. అంటే శని."

పెద్దాయన పళ్లెం దించి లేచి నిలబడ్డాడు. "శుభమా అని మేము ఫోన్ చేస్తే శనిని పిలిచినావా?"

అక్క అప్పుడే గుమ్మంలోకి వచ్చింది. "ఆయన ఉద్యోగం మానొద్దన్నాడు, నేను సరే అన్నాను. నువ్వేం కూసినావురా ఇప్పుడు?"

అయిపోయాను. "అది కాదు మామా... శని నిదానంగా పోతాది గదా. అందుకని స్థిరంగా ఉండేదని ఆ పేరు పెట్టినారు" అన్నాను.

పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, మెల్లగా కూర్చున్నాడు.

"స్థిరమంటే ఖాయమనే గదరా. మరి నేను తప్పు విన్నదేంది?"

ఆ తమలపాకుల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇంట్లో పెళ్లి మాటలు నడిచే రోజుల్లో తలెత్తి ఆకాశం చూడను. పొరపాటున చూసినా, కనబడిన ప్రతిదాన్నీ చుక్క అనే అంటాను.