సారు గీకేసిన పోస్టర్లు

మా కంప్యూటర్ సారు పోయారని సోమవారం పొద్దున ఫోనొచ్చింది. కూర్చున్నచోటే గుండె ఆగిందట. ఆయనతో అన్న ఒక మాట నేను వెనక్కి తీసుకోవాల్సి ఉండె. అది అట్లాగే ఉండిపోయింది.

భువనగిరిలో మేడ మీద గదిలో ఎనిమిది పాత కంప్యూటర్లు పెట్టుకొని నేర్పేవారు. అన్నిటిలోనూ అందరూ కలిసి రాసి ఊరికే పంచుకునే ఆపరేటింగ్ సిస్టమే. విప్లవ కరపత్రాలు చదివి పెరిగిన నాకు అందరిదీ అన్న ఆ ఒక్క ముక్క చాలు, ఆయన్ని అంటిపెట్టుకున్నాను.

దాని కెర్నెల్‌లో, అంటే ఎవరికి ఏ అనుమతి ఉందో తేల్చే మూలభాగంలో, నాకొకనాడు లోపం దొరికింది. మామూలు విద్యార్థి ఖాతాతో వచ్చినవాడు కూడా దాని గుండా యంత్రం మొత్తానికి యజమాని కావచ్చు. సారు వెంటనే ఆ సిస్టమ్‌ బాగోగులు చూసుకునేవాళ్లకు రాశారు. సవరణ వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దన్నారు.

వారం ఆగాను. ప్రజల యంత్రం గురించి ప్రజలకు తెలియొద్దా? లోపాన్ని, దాన్ని వాడే పద్ధతితో సహా పోస్టర్లుగా అచ్చేసి, బస్టాండు గోడల నిండా అంటించాను.

మర్నాడు మిట్టమధ్యాహ్నం చూస్తే, సారు బకెట్‌ నీళ్లు, అట్లకాడ పట్టుకొని వాటిని గీకుతున్నారు.

"ఏంది సారూ, ఎలక్షన్ల నిలవడి మల్ల మనసు మార్చుకున్నవా?" చాయ్‌బండి ఆయన నవ్వాడు.

"పిరికోళ్లు సారూ మీరు!" అంతమందిలో అరిచాను.

ఆయన చెయ్యి ఆగలేదు. "తలుపుకు గడియ లేదని ఇంటోళ్లకు చెప్పాలెరా. బజార్ల చాటింపేస్తరా? జర ఆగు."

కొన్నాళ్లకు సవరణ వచ్చింది. లోపం కనిపెట్టినవారు అన్నచోట నా పేరొక్కటే రాయించారు. ఎనిమిదింటిలోనూ సవరణ వేశాక, వేడి గిన్నె తెచ్చి నా ముందు పెట్టారు. "గిప్పుడు అంటించు పో. మైదా నేనే ఉడికించిన."

గిన్నె అందుకున్నాను. తప్పయిందని అనడానికి మాత్రం నోరు రాలేదు. రేపు చెప్దామనుకుంటూనే ఏళ్లు గడిపాను.

మొన్న సారు భార్య నాతో మేడెక్కి, ఆ గది తాళంచెవి ఇచ్చారు. "ఆయన కంప్యూటర్ల మా ఫొటోలున్నయేమో. తెరువస్తదా బిడ్డా?"

ఆనాటి లోపం మూయకపోయి ఉంటే నిమిషం పని.

"పాస్‌వర్డ్ తెల్వదమ్మా. దొంగదారి ఏదన్న ఎతుకాలె."

"వద్దు బిడ్డా. అడిగితే ఆయనే తీసేటోడు."

ఆమె మెట్లు దిగిపోయారు. తెర మీద సారు పేరు, కింద పాస్‌వర్డ్ అడుగుతూ ఖాళీ గడి. ఆ గడిలో సన్నని గీత ఒకటి వెలుగుతూ, ఆరుతూ, మళ్లీ వెలుగుతూ ఉంది.