పాటప్పుడు లేవని బాపు

నిన్న సౌదీలోని దమ్మామ్‌లో మా వాడి చరిత్ర పుస్తకం తిరగేస్తుంటే ఒక బొమ్మ కనిపించింది. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో ఒక నాటకశాల. రాజభక్తి పాట మొదలవగానే అందరూ లేచి టోపీలు తీశారు. టోపీ తియ్యని ఒకాయన మీద జనం అరుస్తున్నారు. నాకు పుస్తకం మూసెయ్యాలనిపించింది.

నేను ఐదో తరగతి చదువుతున్నప్పుడు, ఇక్కడి ఇండియన్ స్కూల్లో జెండా పండగ. బాపు, అంటే మా నాన్న, ఆ స్కూల్లోనే ఎలక్ట్రీషియన్. దేశభక్తి పాట ఎత్తుకునేది నేనే. హాలంతా లేచి నిలబడింది. స్టేజీ పక్కన, మైకు వైర్ల దగ్గర బాపు ఒక్కడే గొంతుక్కూర్చున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పాట అయిపోగానే మైకులోనే అరిచాను.

"బాపూ, దేశమంటే లెక్కలేదా నీకు?"

హాలంతా నవ్వింది. బాపు తల వంచుకున్నాడు గాని లేవలేదు.

ఇంటికొచ్చాక అమ్మతో మెల్లగా అన్నాడు, "మైకు పిన్ను లూజున్నదే, చేత్తో ఒత్తి పట్టుకున్న. చెయ్యి తీస్తే బిడ్డ పాట ఆగుతుండె."

పాట అయిపోయినా, నేనింకా మైకు ముందే ఉన్నానని ఆయన చెయ్యి తియ్యలేదు. నేను తిట్టిన తిట్టు కూడా ఆ చెయ్యి వల్లే హాలంతా వినపడింది.