క్యాలెండరు వెనక గీసిన చెరువు

మాది కోడేరు దగ్గర ఒక పల్లె. నేను రెండో తరగతితో బడి మానేసినదాన్ని. పోయినేడు మా మనవరాలి సోషల్ సారు, ఇంట్లో పెద్దల్ని అడిగి ఊరి పాత పటం గీసుకు రమ్మన్నాడు. చార్టు కొనడం దండగని పాత క్యాలెండరు వెనకవైపు గీయమన్నాను. నన్ను కూడా ఒకరు అడిగారన్న సంబరంతో, చెరువు నీళ్లు ఒకప్పుడు ఎక్కడిదాకా నిలిచేవో వేలు పెట్టి చూపించాను.

ఆ పటం బడి గోడకెక్కింది. అందులో మా పల్లిచేను సగం చెరువులోనే ఉంది. సంగతి తెలిసి నా కొడుకు, ఇంకో నలుగురు రైతులు నన్ను వెంటబెట్టుకుని బడికి పోయారు.

"చెరువు భూమి దున్నుతున్నమని పిల్లలతోని రాపిస్తవా సారూ? రేపు ఆఫీసర్లొచ్చి చేను గుంజుకుంటే నువ్విస్తవా?" అని నా కొడుకు మీదికి లేచాడు.

"నేనేం రాపియ్యలే. అడిగి తెలుసుకోమన్న, గంతే" అన్నాడు సారు.

"మా అవ్వనే చెప్పింది" అంది మనవరాలు.

హెడ్మాస్టరు నావైపు తిరిగాడు. "నిజమేనా అమ్మా?"

మా అందరికీ ఆ చేనే అన్నం పెడుతోంది. "నాకేం తెల్వదు సారూ. పోరి సొంతంగ గీసింది" అన్నాను.

నెల తిరక్కుండానే సోషల్ సారుని వేరే మండలానికి పంపేశారు.

కొత్త సారు గైడులో ఉన్నదే రాయిస్తాడు. మనవరాలికి మార్కులు బాగానే వస్తున్నాయి. చేను మాకే దక్కింది. ఇంట్లో అందర్నీ గద్దించే నేను, నిజం చెప్పమని ఆ పిల్లను మాత్రం గద్దించలేకపోతున్నాను.