జానెడు బండికి ప్రార్థన

ఆ రోజుల్లో, అంటే కొత్తగా ఉద్యోగంలో చేరి సుబేదారిలో మేడమీద గది అద్దెకు తీసుకున్న రోజుల్లో, నాకు ఒకటే పిచ్చి. పాతకాలపు అమెరికా షావుకార్లు ఎక్కి తిరిగిన పొడవాటి కార్ల చిన్న నమూనాలు పోగేయడం. వెనకాల చేపతోకల్లాంటి రెక్కలు, లోపల ఎర్రతోలు సీట్లు, తెరుచుకునే తలుపులు. (పెళ్లీడుకొచ్చి బొమ్మలతో ఆడుతున్నాడని ఇంటి ఓనరు ఆంటీ అనేది. నిజమే, ఏం చెప్పను.) కాలేజీ నాటి నుంచి వెతుకుతున్న తెల్ల బండి, టాపు లేనిది, జానెడు పొడవుది, ఓ గురువారం చేతికొచ్చింది. ఆనందం పట్టలేక పిట్టగోడ మీద ఇసుక చల్లి, దానిమీద బండి నిలబెట్టి, ఫోను చక్రాల మట్టానికి దించి, వెనకాల మెయిన్ రోడ్డు పడేలా ఫోటో తీశాను. అచ్చం అసలు బండే రోడ్డు పక్కన ఆగినట్టు వచ్చింది! "ఎట్టకేలకు నా బండి వచ్చింది, దేవునికి స్తోత్రం" అని రాసి స్టేటస్ పెట్టాను.

శనివారం పొద్దున తలుపు కొట్టిన చప్పుడు. తీసి చూశాను. మా ఊరు నెక్కొండ నుంచి పెద్దమ్మ! అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషి. ఆమె వెనక చంకలో బైబిలుతో పాస్టరు గారు, ఆయన వెనక బస్సు డ్రైవరుగా రిటైరైన మా కాక, మెట్ల నిండా చర్చి సంఘం వాళ్లు, ఒకామె చేతిలో పులిహోర డబ్బా. (మా వాళ్లు కొత్త బండి కొంటే ప్రార్థన చేయించనిదే తాళంచెవి కూడా తిప్పరు.)

"బండేదిరా కొడుకా? కింద కనబడలే. అయ్యగారికి ఇంకో కాడికి పోయేదున్నది, జర జల్ది," అంది పెద్దమ్మ.

"ఏ బండి పెద్దమ్మా?"

"ఏ బండేందిరా! నీ తెల్ల బండి! నిన్న ఉపవాస ప్రార్థనల నిలబడి సాక్ష్యం చెప్పిన. తల్లిలేని పిలగానికి దేవుడు కారిచ్చిండని. అందరు సప్పట్లు గొట్టిండ్రు."

"తాళాలియ్యిరా, ఓ రౌండేసొస్త," అని కాక చెయ్యి చాపాడు.

సంఘంలో సాక్ష్యమంటే మాటలా? దేవుని ముందర, నలుగురి ముందర చెప్పిన మాట. అది అబద్ధమైతే పెద్దమ్మ రేపటి నుంచి ఆ చర్చిలో తలెత్తుకోగలదా? పారిపోదామంటే మెట్ల మీద కాలు పెట్టే సందు లేదు. చేసేదిలేక లోపలికెళ్లి, బండిని రెండు చేతులతో తెచ్చి కుర్చీ మీద పెట్టాను.

కాక వంగి కుర్చీ కింద కూడా చూశాడు. "గింతేనా? దీనికోసమా నేను పొద్దుగాల్నే గడ్డం గీసుకున్నది!" అన్నాడు. పెద్దమ్మ కొంగు తలమీదికి లాక్కుని, "అయ్యగారూ, ఒచ్చినం గదా. ప్రార్థన చెయ్యిండ్రి," అంది.

పాస్టరు గారు అలవాటు కొద్దీ బానెట్ మీద చెయ్యి వేశారు. బండి మొత్తం ఆ అరచేతి కింద మాయమైపోయింది. ఆయన చెయ్యి తీసి, ఆలోచించి, ఒక్క వేలు ఆనించారు. "ప్రభువా, ఈ వాహనంలో ప్రయాణించే ప్రతి ఒక్కరినీ..." అని తడబడి, "అంటే, దీన్ని చూసే ప్రతి ఒక్కరినీ కాపాడు," అని ముగించారు. అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది కాకే. పులిహోర తిన్నారు. నా వైపు ఎవరూ చూడలేదు. మెట్లు దిగుతూ పెద్దమ్మ ఒక్కటే మాటంది: "రేపు చర్చికి రా."

వెళ్లాను. సాక్ష్యాల వేళ ఆమే లేచింది. "మా వానికి కారొచ్చిందన్న. అది బొమ్మ కారు. వాడు నాతోని అబద్ధమాడలే. నేనే ఫోటో చూసి ఉరికిన. తప్పు నాది, మన్నించుండ్రి," అని కూర్చుంది.

ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని సంగతి ఇప్పుడు చెబుతున్నాను. ఆ స్టేటస్ చూసిన రోజే పెద్దమ్మ మెసేజ్ పెట్టి నన్ను అడిగింది, "గిది నిజం బండేనా కొడుకా?" అని. ఫోటో చూసి అందరూ పొగుడుతుంటే ఆ మత్తులో ఉన్నాను కదా, "నిజం బండే. నెక్కొండకు తెచ్చి ముందు నిన్నే ఎక్కిస్తా," అని జవాబు పంపాను. చిన్న అబద్ధమాడినా నా వీపు చిట్లగొట్టిన మనిషి, ఆ ఆదివారం నాకోసం దేవుని సన్నిధిలో నిలబడి తనే అబద్ధమాడింది. నేను లేవలేదు. చాప అంచు పీకుతూ కూర్చున్నాను.

ఇప్పుడు నాకు అలమారా నిండా బండ్లున్నాయి, కింద ఓ అసలు బండీ ఉంది. చాప పీకుతున్న ఆ పిలగాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. రెక్క పట్టి లేపి, పెద్దమ్మ పక్కన నిలబెట్టాలనిపిస్తుంది.