సారు గొంతుకు సరిపోని పెట్టెలు

మా పక్కింటి పాటల సారు మొన్న శుక్రవారం పొద్దున్నే పోయారు. నేను యూనివర్సిటీకి బయల్దేరుతూ సైకిలు తాళం తీస్తుంటే ఆయన భార్య గుమ్మంలోకి వచ్చింది. తార్నాకలో మా వీధివాళ్లమంతా ఆవిడను అమ్మ అనే పిలుస్తాం. "బిడ్డా, జర లోపలికి రా. సారు లేస్తలేడు" అంది. వెళ్లి చూడగానే సంగతి అర్థమైపోయింది. తర్వాత వచ్చినవాళ్లంతా "పోనీలెండి, బాధ తీరింది" అన్నారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. ఆయన బాధ తీరలేదు. తీరకుండానే పోయారు.

సారు బడిలో పిల్లలకు పాటలు నేర్పేవారు, ఆదివారం చర్చిలో పాడేవారు. నేను కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి పక్క వాటాలో దిగిన కొత్తలో ఈ ఊళ్లో నాకు నచ్చింది ఆయన పాట ఒక్కటే. రాత్రి భోజనానికి ముందు గొంతు సవరించుకుని ప్రార్థన పాట ఒకటి పాడందే ఆ ఇంట్లో అన్నం వడ్డించేవారు కాదు. గోడకు ఇవతల మా ఇంట్లోవాళ్లమూ అంతవరకూ ఆగేవాళ్లం. బాగా ఆకలేసిన రోజున ఆయన చివరి చరణం సాగదీస్తుంటే లోలోపల విసుక్కున్న మాటా నిజమే. పిల్లల్ని "నోరు తెరువుండ్రి, పండ్లు చూపియ్యకుండ్రి" అని కసిరేవారు. "పాట చెవులకెల్లి మొదలైతది. గొంతుది తర్వాత సంగతి" అనేవారు.

ఆ గొంతులోనే పుండు లేచింది. ఆపరేషన్ చేసి, ప్రాణం ఉంచి మాట తీసేశారు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు అమ్మ కంచం ముందు పెట్టుకుని, పాట లేకుండా ముద్ద ఎత్తలేక, అన్నం మీది ఈగలు తోలుకుంటూ కూర్చుంది. సారు అది చూశారు. బడిపిల్లల పలక ఒకటి తెప్పించుకుని మాటకు బదులు రాయడం మొదలుపెట్టారు. నాకు చూపించిన మొదటి మాట: "గిటారుతోని పాడుత."

ఆయన దగ్గర హవాయి గిటారు ఉండేది. ఒళ్లో పడుకోబెట్టుకుని, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయిస్తారు. మనిషి గొంతులాగే ఒక స్వరం మీంచి ఇంకో స్వరానికి జారుతుంది. కానీ దాని ధ్వని మీటగానే ఆరిపోతుంది, గొంతు అలా ఆరిపోదు కదా. అందుకని తీగల కదలికను కరెంటుగా మార్చే పికప్ దానికి బిగించుకున్నారు. ఇక కావలసింది ఇంట్లో వాయించడానికి తగ్గ చిన్న ఆంప్లిఫయర్ పెట్టె. అది తన గొంతుతో పలకాలి. నేను ఫిజిక్సు లాబ్‌లో పనిచేస్తాను కాబట్టి నన్ను తోడు తీసుకెళ్లేవారు.

ముందు ఇంట్లో రేడియోకే తగిలించి చూశాం. "పాడినట్టు లేదు, వార్తలు చదివినట్టున్నది" అంది అమ్మ. తర్వాత పెళ్లిళ్లకు మైకు సెట్టు పెట్టే ఆయన్ని బతిమాలి పెద్ద ఆంప్లిఫయర్ తెచ్చాం. వీధి చివరి కుక్కలు కూడా మొరిగాయి. మూడోది కోఠీలో దొరికింది. బియ్యం డబ్బా అంత చెక్కపెట్టె, ఒక్క స్పీకరు, ధ్వని సరిచేసుకోవడానికి రెండు మరలు. పెద్ద పెట్టెలు గట్టిగా అరిస్తేనే బాగా పలుకుతాయి, తగ్గిస్తే నీరసపడిపోతాయి. ఇది తక్కువలోనే నిండుగా పలికింది. కొట్టువాడు ఇంకా పెద్దది చూపించబోతే సారు పలక తిప్పి చూపించారు: "వినేది ఒక్కతే."

ఆ సాయంత్రం ఆ పెట్టెతో ప్రార్థన పాట వాయించారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గిదే. గిదే ఆయన గొంతు. నాకు తెల్వదా?" అంది. నాకూ అలాగే అనిపించింది. సారు మాత్రం తల అడ్డంగా ఊపారు.

ఇక పెట్టెల వెతుకులాట వదిలి, గిటారుకూ పెట్టెకూ మధ్య తగిలించి కాలితో తొక్కే డబ్బాల మీద పడ్డారు. సికింద్రాబాదులో బ్యాండు కట్టిన కుర్రాళ్ల దగ్గర అవి ఉండేవి. ఒకటి ధ్వనిని వణికిస్తుంది. అది పాటకు చలిజ్వరం వచ్చినట్టుందని వెనక్కి పంపారు. ఇంకోటి ధ్వనిని బొంగురు చేస్తుంది. దాన్ని తొక్కి ఒక్క స్వరం మీటారో లేదో, నిప్పు తొక్కినట్టు కాలు తీసేశారు. ఆపరేషన్‌కు ముందు నెలల్లో ఆయన గొంతు అచ్చం అలాగే ఉండేది. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇలా ఎన్నాళ్లని, ఆయన పాత పాటే దొరికితే దాన్ని బట్టి మరలు తిప్పవచ్చు కదా అనుకున్నాను. ఒకప్పుడు కాంపస్‌లో క్రిస్మస్ సభలో ఆయన పాడితే మా డిపార్టుమెంటు టేపు రికార్డరు మీద పట్టారు. వెతికి ఆ టేపు ఇంటికి తెచ్చి పెట్టాను. అమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. సారు చివరిదాకా విని పలక మీద రాశారు: "ఎవరిది?"

మీదే అన్నాను. కాదన్నట్టు చూశారు. మన గొంతు మనకు ఎముకల్లోంచి, లోపల్నుంచి కూడా వినబడుతుందనీ, ఎదుటివాళ్లకు గాలిలోంచి మాత్రమే వినబడుతుందనీ, అందుకే తేడా అనీ నాకు తెలిసిన ఫిజిక్సంతా చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేది. ఆయన పలక తుడిచి రాశారు: "అంటే నా గొంతు నేనొక్కణ్ణే విన్ననా?"

ఆయన వెతుకుతున్న గొంతు ఏ పెట్టెలోంచీ రాదు, ఎందుకంటే అదెన్నడూ బయటికే రాలేదు.

ఆ రోజుతో గిటారు మూలన పడింది. అమ్మ బతిమాలింది, కోప్పడింది. "నాకు సరిపోయింది కదనయ్యా! నా కోసమన్న వాయించు" అంది. సారు రాసిన మాట నేను చూశాను: "అది నేను గాదు. వేరేటోణ్ణి నీకెట్ల ఇయ్యాలె?" మొండి మనిషి. నాకు ఆయన మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు, అంత జాలీ ఎప్పుడూ కలగలేదు. పోయేదాకా ఆ ఇంట్లో పాట లేకుండానే అన్నం తిన్నారు.

సమాధి చేసి వచ్చాక అమ్మ నన్ను అడిగింది ఒక్కటే, ఆ టేపు మళ్లీ వినిపించమని. మర్నాడు రిక్షాలో మెషిను తెచ్చి పెట్టాను. రీలు తిరిగింది. ఇనుము వేడికి ఎంత సాగుతుందో ఎవరో లెక్చరరు ఇంగ్లీషులో చెబుతున్నాడు. టేపులు సరిగా దొరకని రోజులివి. నేను డిపార్టుమెంటుకు తిరిగిచ్చేశాక దాని మీదే ఇంకోటి పట్టేశారు.

ఆపబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఉండనియ్యి. ఈయనది అయిపోయినంక సారు వస్తడేమో."

"రాదమ్మా. పైన ఇంకోటి పడితే కిందది మిగలదు" అన్నాను.

"నువ్వు జర ఊకో" అంది.

ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్లు మూసుకుని వింటూ కూర్చుంది. లెక్చరరు రైలు పట్టాల గురించి చెబుతూ ఒకచోట ఆగి గొంతు సవరించుకున్నాడు. అమ్మ గబుక్కున తలెత్తింది.